పది పాసైనంక ఏంది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లల ముందు ఎన్ని దారులున్నాయో వాళ్లకు చెప్పేదెవరు?

చెరుకు కొట్టే కాలంలో కామారెడ్డి చుట్టుపక్కల బెల్లం బట్టీల కింద కోడి కూయకముందే మంట లేస్తుంది. ఒకరు గానుగకు చెరుకు గడలు అందిస్తుంటారు. ఇంకొకరు ఎండిన పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తుంటారు. వెడల్పాటి పెనంలో పచ్చటి రసం నురగ కడుతుంది. కాస్త సున్నపు తేట పోయగానే మడ్డి పైకి తేలుతుంది. దాన్ని పొడవాటి జల్లిగరిటెతో తీసి పారబోస్తారు. గంటలు గడిచేకొద్దీ రసం చిక్కబడి, ఎర్రబడి, కుతకుతలాడుతుంది. అప్పుడిక బట్టీలో అందరి చూపూ ఒక్క మనిషి మీదే, పాకం చూసే పెద్దాయన మీదే. ఆయన గరిటె కొసతో చుక్క పాకం తీసి చెంబులోని చల్లటి నీళ్లలో వేస్తాడు. వేళ్ల మధ్య ఉండ చేసి చూస్తాడు. ఉండ గట్టిపడితే దించమంటాడు. ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడి రంగు చెడుతుంది. ఒక్క మాటతో ఆ పూట కష్టమంతా నిలబడాలి, లేదా పోవాలి.

బట్టీలో థర్మామీటరు ఉండదు. పెడితే, ఆయన దించమన్న సమయానికి అది 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో చూపిస్తుంది.

మంట వెలుగులో కూర్చుని ఇదంతా చూసే పిల్లలుంటారు. తెల్లారగానే, "ఇగ నడువు బిడ్డా, బడికి ఆలస్యమైతది" అని వాళ్లను ఇంటికి తోలేస్తారు. బడిలో పదో తరగతి సైన్సు పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం ఉంది. చెరుకు రసానిది ఆమ్ల గుణం, సున్నానిది క్షార గుణం, రెండూ కలిస్తే మలినాలు విడిపోతాయి. పుస్తకంలో ఉన్నది పొద్దున్నే పెనంలో జరిగింది. ఆ రెండూ ఒకటేనని పిల్లవాడికి చెప్పే మనిషి మాత్రం దొరకడు. బట్టీలో ఉన్న పెద్దాయన పుస్తకం చదవలేదు. బడిలో ఉన్న సారు బట్టీ చూడలేదు.

పదో తరగతి ఫలితాలు వచ్చే వేసవిలో కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో ప్రతి ఇంటా వినిపించే ప్రశ్న "పది పాసైనంక ఏంది?". ఈమధ్య ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తోంది. 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా (ఏటీసీ) మార్చే పని మొదలుపెట్టింది. ఖర్చు అంచనా రూ.2,324 కోట్లు. అదే ఏడాది ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బిల్లు శాసనసభ దాటింది. ఏటీసీ అనే మాట ఊళ్లలో నాలుకల మీదికి వచ్చేసింది. రోబోటిక్స్ అంటున్నారు, ఎలక్ట్రిక్ బండ్ల మరమ్మతు అంటున్నారు. ఇవి రావలసినవే, ఇంకా ముందే రావలసింది.

అయితే ఇవన్నీ పదో తరగతి తర్వాత తెరుచుకునే తలుపులు. పిల్లల మనసులో దారి ఖరారయ్యేది అంతకు రెండేళ్ల ముందు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. ఆ వయసులో వాళ్లకు తెలిసిన కొలువులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: డాక్టరు, ఇంజనీరు, పోలీసు, టీచరు. అవి దక్కకపోతే దుబాయ్. సొంత మండలంలో ఎవరు ఏ పనితో ఎంత సంపాదిస్తున్నారో, ఆ పనికి ఏ చదువు కావాలో బడి చెప్పదు. నేను పట్టుబట్టి అడుగుతున్నది ఈ లోటు గురించే.

కేకేవై రోడ్డు మీద కనిపించే కొలువులు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. కరీంనగర్, కామారెడ్డి, ఎల్లారెడ్డిలను కలిపే ఈ దారిని స్థానికులు కేకేవై రోడ్డు అంటారు. బస్సు కిటికీ పక్కన కూర్చుని తాడ్వాయి, లింగంపేట మండలాల మీదుగా పోతుంటే జిల్లా బతుకుతెరువంతా కళ్ల ముందు సాగిపోతుంది. వరి మడులు, మక్కలు, సోయా, చెరుకు. రైసుమిల్లుల పొడవాటి రేకుల షెడ్లు. ట్రాక్టర్లు, వరికోత మిషన్లు బాగుచేసే షాపులు. పొద్దున, సాయంత్రం పాల క్యాన్లతో బైకులు. పశువుల మందుల దుకాణం, ఎరువుల దుకాణం, డయాగ్నొస్టిక్ ల్యాబు, వెల్డింగు షాపు.

44వ నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాద్-మన్మాడ్ రైలు మార్గం కామారెడ్డిని తాకుతూ పోతాయి. పడమరన మంజీర మీద నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టును నడిపించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఎల్లారెడ్డి పిల్లలు పిక్నిక్‌కు పోయి గేట్ల ముందు నిలబడి సెల్ఫీ దిగే ఆ కట్ట, నీటిపారుదల ఇంజనీరింగ్ నేర్చుకోవడానికి దేశంలో ఎవరైనా వెతుక్కుంటూ రాదగ్గ చోటు.

చెరుకు కథ వేరు. బోధన్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015 డిసెంబరులో దాని తలుపులు మూసేశారు. ఇటు సదాశివనగర్ మండలంలోని అడ్లూర్ ఎల్లారెడ్డిలో (మనం మాట్లాడుతున్న ఎల్లారెడ్డి వేరు, ఇది వేరు), నిజాంసాగర్ దగ్గరి మాగిలో ప్రైవేటు చక్కెర కర్మాగారాలు నడిచాయి. కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు పెద్ద పేరుండేది. గుడుంబా మీద దాడులు పెరిగాక, దాని తయారీకి వాడే నల్లబెల్లం మీద ఆంక్షలు వచ్చాయి, బట్టీలు తగ్గాయి. తెల్లగా మెరిసే బెల్లం కోసం హైడ్రోస్ కలిపే అలవాటు ఇంకో దెబ్బ. రసాయనం లేని బెల్లానికి ఇవాళ నగరాల్లో గిరాకీ ఉంది. ఆ గిరాకీని అందుకోవాలంటే రసంలో ఆమ్లత కొలవడం, శుభ్రంగా ప్యాకింగ్ చేయడం, ఆహార భద్రత లైసెన్సు తీసుకోవడం, ఆన్‌లైన్‌లో అమ్మడం తెలిసిన పాతికేళ్ల వాళ్లు కావాలి. పాకం చూడగలిగిన పెద్దాయన ఇంకా ఉన్నాడు. ఆయన పక్కన నిలబడి నేర్చుకునే వాళ్లు లేరు.

> పదో తరగతి తర్వాత, చాలామందికి తెలియని కొన్ని దారులు
>
> పాలిసెట్: ఇది ఇంజనీరింగ్ డిప్లొమాలకే అనుకుంటారు. వ్యవసాయ డిప్లొమాకు, పశుసంవర్ధక డిప్లొమాకు కూడా ఈ పరీక్ష రాంకే ఆధారం. వ్యవసాయ డిప్లొమాలో పల్లె బడుల్లో చదివిన వాళ్లకు ప్రాధాన్యం ఉంది. వ్యవసాయ పాలిటెక్నిక్ మన పక్కనే రుద్రూర్‌లో ఉంది.
>
> రుద్రూర్ ఫుడ్ సైన్స్ కాలేజీ: జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. చెరుకు, వరి పరిశోధన కేంద్రం కూడా అక్కడే.
>
> కామారెడ్డి డెయిరీ టెక్నాలజీ కాలేజీ: పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయానిది. బీటెక్ నాలుగేళ్లు. సీటు ఎప్‌సెట్ రాంకుతో, ఇంటర్‌లో ఎంపీసీ చదివిన వాళ్లకు.
>
> ఇంటర్ వొకేషనల్: రెండేళ్ల చదువులోనే పనిచోట శిక్షణ ఉంటుంది. బ్రిడ్జ్ కోర్సు రాస్తే ఆ తర్వాత సాధారణ డిగ్రీలోకీ వెళ్లవచ్చు.

పై పెట్టెలో మూడో సంగతి దగ్గర కాసేపు ఆగాలి. పాలతో బతికే జిల్లా ఇది. ఇంట్లో రెండు బర్రెలున్న పిల్లవాడు పాల చీటీ మీద ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ అనే అంకెలు రోజూ చూస్తాడు. ఆ అంకెల్ని బట్టే నాన్న చేతికి డబ్బు వస్తుంది. ఆ అంకెల శాస్త్రం బోధించే కాలేజీ కామారెడ్డిలోనే ఉంది. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు అక్కడికొచ్చి చదువుతారు. పశువుల పేరు వినగానే బైపీసీ తీసుకోవాలనుకోవడం ఇళ్లలో సహజం. సీటు ఎంపీసీ వాళ్లకని తెలిసేసరికి రెండేళ్లు దాటిపోతాయి. ఒక్క మాట, తొమ్మిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే చాలు. మా బడి నుంచి ఆ గేటు లోపలికి ఎంతమంది పిల్లలు అడుగుపెట్టారని ప్రతి హెడ్మాస్టరూ తరగతిలో చేతులెత్తించి లెక్కపెట్టాలి.

పోయేవాళ్లు, వచ్చేవాళ్లు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి. తెలంగాణలో గల్ఫ్ బాట పట్టిన జిల్లాల పేర్లు చెప్పమంటే ముందుగా వినిపించేవి ఇవే. మాచారెడ్డి, దోమకొండ, లింగంపేట వైపు ఊళ్లలో కొత్త స్లాబు ఇల్లు కనిపిస్తే అది మస్కట్ డబ్బా, దుబాయ్ డబ్బా అని అడుగుతారు. పాస్‌పోర్టు, మెడికల్, ఏజెంటు ఫీజు, అన్నింటికీ వడ్డీకి అప్పు. అక్కడికి పోయాక నిర్మాణ కూలీ, క్లీనరు, హెల్పరు. నైపుణ్యం చేతిలో లేనివాడికి అక్కడా అడుగు మెట్టే. కొందరు పెట్టెల్లో తిరిగొస్తారు. 2023 డిసెంబరు నుంచి గల్ఫ్‌లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు రూ.5 లక్షలు ఇవ్వాలని ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ డబ్బు అందుకునే తల్లులను పలకరించాలంటే నోరు పెగలదు.

అదే సమయంలో అదే జిల్లాకు రైళ్లలో వేరే యువకులు దిగుతారు. బిహార్ నుంచి వచ్చి రైసుమిల్లుల్లో బస్తాలు ఎత్తుతారు, నాట్ల కాలంలో బృందాలుగా పొలాల్లోకి దిగుతారు. వాళ్లు లేకపోతే చాలా మిల్లులు ఆగిపోతాయి. మన పిల్లలు బద్ధకస్తులని, పని చేయరని దీన్ని చూపించి తిట్టేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. కామారెడ్డిలో హమాలీ పనికి వచ్చే కూలికీ గల్ఫ్‌లో అదే కష్టానికి వచ్చే జీతానికీ మధ్య తేడా పిల్లవాడికి తెలుసు, అతను లెక్క వేసుకునే పోతున్నాడు. అదే మిల్లులో బస్తాలెత్తేవాడి కూలి వేరు, కలర్ సార్టర్ యంత్రం సరిచేసేవాడి జీతం వేరు, తేమ పరీక్షించి నాణ్యత తేల్చేవాడి జీతం వేరు. ఈ చివరి రెండు రకాల పనులున్నాయన్న సంగతే మన బడి పిల్లల దాకా రావడం లేదు.

ధాన్యం లెక్కే చూడండి. ఐకేపీ కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి తేమ 17 శాతం దాటకూడదు. మిల్లరు క్వింటా వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు సర్కారుకు అప్పజెప్పాలి. తేమ ఎక్కువని, తాలు ఉందని బస్తాకు కిలోలు తరుగు తీస్తారు. రైతులు ప్రతి సీజన్‌లో రోడ్డెక్కేది దీని మీదే. శాతాల పాఠం ఏడో తరగతి నుంచే ఉంది. తేమ మీటరు ఒకటి బడికి తెచ్చి, పిల్లలతో ఇంటి వడ్లు పట్టించి, తరుగు ఎంత తీయాలో లెక్క కట్టిస్తే ఆ పాఠం ఆ సాయంత్రమే ఇంటికి డబ్బై చేరుతుంది. నాన్న మోసపోకుండా ఆపగలిగిన పిల్లకు లెక్కలంటే భయం ఎందుకుంటుంది?

కాలిపోయిన మోటరు ముందు ఫిజిక్స్

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. బోర్ల మీద బతికే కామారెడ్డి ప్రాంతంలో ఆ మార్పు వెంట మోటరు వైండింగ్ షాపులకు చేతినిండా పని ఉంది. వోల్టేజి తగ్గితే అదే బరువు లాగడానికి మోటరు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, తీగ వేడెక్కుతుంది, పూత కరిగి కాలిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. ఎండాకాలం వరిపొలం ఎండిపోతుంటే రైతు కాలిన మోటరును ట్రాలీలో వేసుకుని పరుగున వస్తాడు.

షాపులో కుర్రవాడు మోటరు విప్పుతాడు. కాలిన రాగి తీగను స్టేటర్ గాళ్లలోంచి పీకుతాడు. పీకేముందు ఒక్కో గాడిలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, తీగ మందం గేజుతో కొలిచి, గోడ మీద సుద్దతో రాసుకుంటాడు. ఒక చుట్టు తప్పితే మోటరు మళ్లీ కాలుతుంది. కొత్త తీగ చుట్టి, ఇన్సులేషన్ కాగితం దోపి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. పదో తరగతి విద్యుదయస్కాంతత్వం పాఠంలో ఉన్న ప్రతి మాటా ఆ బల్ల మీద చేతికి తగులుతుంది. ఆ కుర్రవాణ్ని అడిగితే, తాను పదిలో సైన్సు తప్పి ఇక్కడికొచ్చానని తల దించుకుని చెబుతాడు. సైన్సు తప్పాడని బడి చెప్పిన వాడి చేతుల మీదే మండలం మొత్తం పంటకు నీళ్లు ఆధారపడి ఉన్నాయి. ఈ తీర్పు మార్చవలసింది బడే.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డిని ముంచెత్తిన వానను ఎవరూ మరిచిపోలేరు. జాతీయ రహదారి మీద వాహనాలు ఆగిపోయాయి. రైలు పట్టాల కింద మట్టికట్ట కొట్టుకుపోయింది. నాగిరెడ్డిపేట దగ్గర 1922 నాటి పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొర్లి పారింది, కట్ట నిలబడింది. నీళ్లు తీశాక ఊళ్లకు అర్జెంటుగా కావలసి వచ్చింది ఎవరు? లైన్‌మన్లు, మోటరు మెకానిక్‌లు, మేస్త్రీలు, జేసీబీ ఆపరేటర్లు, పశువైద్య సిబ్బంది, నీళ్లు పరీక్షించేవాళ్లు. జిల్లాకు ఏ నైపుణ్యాలు కావాలో ఆ రెండు రోజులు చెప్పినంత స్పష్టంగా ఏ సర్వే చెప్పదు.

> అంకెల్లో
>
> ● పని చేసే 19-24 ఏళ్ల యువతలో పద్ధతిగా వృత్తివిద్య పొందినవాళ్లు భారత్‌లో 5 శాతం లోపే. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం. ఇది 12వ పంచవర్ష ప్రణాళిక అంచనా, జాతీయ విద్యావిధానం-2020 పత్రంలోనూ ఉంది.
>
> ● 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని ఆ విధానం లక్ష్యం పెట్టుకుంది.
>
> ● 14-18 ఏళ్ల పల్లె యువతపై 2023లో జరిగిన 'అసర్' సర్వేలో వృత్తి శిక్షణ తీసుకుంటున్నవాళ్లు 5.6 శాతం. నాలుగో వంతు మంది రెండో తరగతి పుస్తకాన్ని సొంత భాషలోనే ధారాళంగా చదవలేకపోయారు.

కులవృత్తి ఉచ్చు కాకూడదు

బడిలో చేతిపని అనగానే కొందరికి గుండె దడ పుడుతుంది. ఆ దడకు కారణం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె పిల్లలకు బడి రోజుకు మూడు గంటలే అంది, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోమంది. చాకలి కొడుకు చాకలి, కుమ్మరి కొడుకు కుమ్మరి కావాలా అని జనం తిరగబడ్డారు. ఏడాది తిరక్కుండానే రాజాజీ పదవి వదిలారు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశారు. అప్పుడు తిరగబడినవాళ్లది న్యాయం. బడి మెట్లెక్కడమే తరతరాల చాకిరీ నుంచి విముక్తి అని నమ్మిన కుటుంబాల్లో ఆ జ్ఞాపకం ఇప్పటికీ బతికే ఉంది. దళిత వాడల్లో, బీసీ ఇళ్లల్లో తల్లులు "మావోడు సదువుకుంటె మళ్ల ఈ పనికెందుకు" అంటే ఆ మాటను గౌరవించాలి.

అందుకే నేను కోరేదానికి ఒక షరతు ఉంది. చేతిపని పాఠం పేద పిల్లలకు మాత్రమే పెట్టి, ఇంగ్లిష్ మీడియం కార్పొరేటు పిల్లలను ఎప్‌సెట్ గదుల్లో కూర్చోబెడితే అది మళ్లీ కులవృత్తి చదువే. డాక్టరు కూతురు కూడా మోటరు విప్పాలి. మేస్త్రీ కొడుకుకు కూడా ఐఐటీ దారి తెరిచి ఉండాలి. ఏ పని చూసినా అది ఆ పిల్లల ముందున్న దారుల్లో ఒకటి కావాలే గానీ, ఉన్న ఒక్క దారి కాకూడదు. చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడకుండా ఏ వృత్తి నేర్పినా అది కూలీలను తయారుచేయడమే. పై పెట్టెలో నాలుగో వంతు పిల్లల సంగతి చదివాక ఈ మాటలో అనుమానం ఉండదు.

బడికీ పనికీ పొత్తు కుదర్చాలని 1937లో వార్ధాలో గాంధీ అన్నారు, 1966లో కొఠారి కమిషన్ అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని) అని పేరు పెట్టింది. చివరికది చాలా బడుల్లో మార్కులు వేసే ఖాళీ పీరియడ్‌గా మిగిలింది. పని తెలిసిన మనిషి తరగతిలోకి రాకుండా, టీచరే పుస్తకం చూసి పని నేర్పాలనుకోవడం దాన్ని చంపేసింది.

ఆడపిల్లల లెక్క వేరు

కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో అరుగుల మీద బీడీ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. వెయ్యి బీడీలు చుడితే గానీ కూలి లెక్క తేలదు. పొగాకు దుమ్ము, నడుం నొప్పి, దగ్గు. అమ్మ పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చే ఎనిమిదో తరగతి పిల్ల, పది అయ్యాక ఇంటి నుంచి దూరం పంపరని తెలిసి, ఆ చాటే తన తలరాత అనుకుంటుంది.

2023 సెప్టెంబరులో కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. జిల్లాలో కొలువుల పటం మార్చగల సంగతి ఇది. డాక్టర్ల వెనుక నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియోగ్రాఫర్లు, డయాలిసిస్ టెక్నీషియన్లు, ఆపరేషన్ థియేటర్ సిబ్బంది కావాలి. ఇంటి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల ఉద్యోగాలివి. కొన్ని కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్‌లోనే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ఉంది. ఆ కోర్సు చదివిన అమ్మాయిని ఏడాదికొకసారి ఊళ్లోని హైస్కూలుకు పిలిచి, తెల్లకోటుతో పిల్లల ముందు నిలబెట్టి మాట్లాడించాలి. నలుగురు తండ్రుల మనసు మారడానికి పోస్టర్లకంటే ఆ పిల్ల మాటే ఎక్కువ పని చేస్తుంది.

రాతిపని కూడా మగవాళ్లదే అనుకోనక్కర్లేదు. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. లింగంపేటలో నాగన్న మెట్లబావి మళ్లీ వెలుగు చూసింది. సున్నం గానుగ పట్టడం, పాత రాయి కొలతలు గీయడం, కథ చెప్పి పర్యాటకులను తిప్పడం, ఇవన్నీ కొలువులే. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట బావికి బస్సు చార్జీ ఎంత? ఆ బావి చరిత్ర సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఎప్పుడైనా వినిపించిందా?

శనివారం చేతిలో ఉంది

2023-24 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో నెలలో నాలుగో శనివారం నో బ్యాగ్ డే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు ఏడాదిలో పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర నేర్చుకోవాలని జాతీయ విద్యావిధానం చెబుతోంది. అంటే కొత్త జీవో అక్కర్లేదు. ఆ శనివారాలను ఆటలతో గడిపేయకుండా ఒక నెల వైండింగ్ షాపు, ఒక నెల పాల శీతలీకరణ కేంద్రం, ఒక నెల రైసుమిల్లు, ఒక నెల ఎల్లారెడ్డి ప్రభుత్వ ఐటీఐ వర్క్‌షాపు అని ముందే రాసిపెట్టుకోవాలి. పదో తరగతి సారుకు తీరిక దొరకదు, నిజమే. ఏడో తరగతి సారుకు దొరుకుతుంది.

పిల్లలు అక్కడికి వెళ్లేది చూడటానికి, అడగటానికి, కొలవటానికి. పని చేయడానికి కాదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం చట్టప్రకారం నేరం, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. హెడ్మాస్టర్లు జంకేది ఇక్కడే. ఏదైనా జరిగితే తమ మెడకు చుట్టుకుంటుందని భయం. ఆ భయం తీర్చాల్సింది జిల్లా విద్యాశాఖ. వెళ్లదగ్గ చోట్ల జాబితా తయారుచేసి, పిల్లలకు బీమా చేయించి, వెంట ఎవరు వెళ్లాలో నియమం రాసి హెడ్మాస్టర్ల చేతిలో పెట్టాలి.

సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు సగం ఊళ్లలోనే ఉంది. బీబీపేటలో సొంతూరి మీద మమకారంతో ఒక దాత కోట్లు పెట్టి హైస్కూలుకు కొత్త భవనం కట్టించారు, 2021 నవంబరులో అది మొదలైంది. అలాంటి మనసున్నవాళ్లు జిల్లాలో ఇంకా ఉన్నారు. భవనం అందరికీ కనిపిస్తుంది కాబట్టి దానికి దాతలు దొరుకుతారు. ఒక తేమ మీటరు, ఒక లాక్టోమీటరు, విప్పి మళ్లీ బిగించడానికి ఒక పాత మోటరు, నెలకో బస్సు కిరాయి, వీటికీ దొరకాలి.

పని ఇచ్చేవాళ్ల బాధ్యత

బడి అన్నీ చేసినా, చివర మంచి జీతం లేకపోతే పిల్లవాడు మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసుకే పోతాడు. 2023 జనవరిలో ముసాయిదా మాస్టర్‌ప్లాన్‌లో తమ పొలాలను పారిశ్రామిక జోన్‌గా చూపించారని కామారెడ్డి రైతులు రోడ్డెక్కారు, ఆ గొడవలో ఒక రైతు ప్రాణం పోయింది, అదే నెలలో మున్సిపాలిటీ దాన్ని రద్దు చేస్తూ తీర్మానించింది. రైతుల కోపంలో న్యాయముంది. భూమి పోతుంది, వచ్చే ఫ్యాక్టరీలో మా పిల్లలకు ఏ ఉద్యోగమిస్తారో ఎవరూ చెప్పరు అన్న అనుమానం అందులో ఉంది. ఫలానా పనికి ఇంతమంది స్థానికులు కావాలి, ఫలానా బడిలో, ఐటీఐలో ఇప్పటి నుంచే తయారుచేస్తున్నాం, జీతం ఇంత అని ముందే చెప్పగలిగి ఉంటే ఆ చర్చ వేరేగా సాగేది.

జర్మనీలో శిక్షణలో ఉన్న కుర్రవాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, మిగతా రోజులు బడిలో ఉంటాడు, నేర్చుకుంటున్నప్పుడే జీతం తీసుకుంటాడు. మనకూ 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకుని స్టైపెండ్ ఇవ్వాలి. చక్కెర కర్మాగారాలు, పెద్ద మిల్లులు, డెయిరీలు, ఆస్పత్రులు, వాహనాల షోరూములు, జిల్లాలో ఈ లెక్కలోకి వచ్చేవి ఏవేవో కామారెడ్డి కలెక్టరేట్‌లో కూర్చుని తేల్చవచ్చు. ఆ సంస్థల పేర్లు, ఏటా ఎన్ని చోట్లు ఖాళీ, స్టైపెండ్ ఎంత, ఏ అర్హత కావాలి అనే పట్టిక తెలుగులో వేసి, జూన్‌లో బడులు తెరిచే రోజున జిల్లాలో ప్రతి హైస్కూలు నోటీసు బోర్డు మీద అంటించాలి. కామారెడ్డిలో మొదలుపెట్టి, ఎల్లారెడ్డి డివిజన్‌లో ఆఖరి తండా బడి దాకా.